ఐపీ పెట్టని ఆసామి

చక్రవడ్డీ గురించి తెలుగువాళ్లకు పాఠాలు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఈ మధ్య ఎక్కడ చూసినా కుర్రకారుని కూర్చోబెట్టి కాంపౌండింగ్, కాంపౌండింగ్ అని తెగ బోధిస్తున్నారు. ఇరవై దాటగానే మొదలుపెట్టు, అరవై వచ్చేసరికి కోటీశ్వరుడివంటూ బొమ్మలు గీసి మరీ చూపిస్తున్నారు. మన దేవుడే అప్పులో ఉన్నాడయ్యా! పద్మావతమ్మతో పెళ్లికని కుబేరుడి దగ్గర తెచ్చిన బాకీకి తిరుమల వెంకన్న ఈనాటికీ వడ్డీ కడుతూనే ఉన్నాడనీ, కలియుగం ముగిసేదాకా అసలు తీరదనీ మన పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ వడ్డీలో మన వంతు హుండీలో వేసి, లడ్డూ పట్టుకుని దిగొచ్చే జనం మనం. మనకా చార్టులు?

కాకపోతే మనకు తెలిసినదంతా అప్పు వైపు నుంచి. బాకీ ఎలా పెరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. మన డబ్బు పెరుగుతుంటే మాత్రం దాని జోలికి పోకుండా ఉండటం మన ఇంటావంటా లేదు.

మా పెద్దమ్మది తణుకు దగ్గర ఊరు. ఐదో తరగతితో బడి మానేసింది. పెదనాన్న పోయాక చేతికొచ్చిన డబ్బుని ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పింది. నూటికి రెండంటే నెలకు. బ్యాంకు భాషలో ఏడాదికి 24 శాతం. ఈ శాతాల గొడవ పెద్దమ్మకు తెలియదు, అక్కర్లేదు కూడా. ఆవిడ పాండిత్యమంతా నోటు తిరగరాయించడంలో ఉంది.

బస్తీ పాఠకుల కోసం కాస్త వివరంగా చెబుతాను. ప్రామిసరీ నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. ఈలోగా ఆసామి ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు వేయాలి, లేదా కొత్త నోటు రాయాలి. రెండూ జరక్కపోతే ఆ నోటు పకోడీలు పొట్లం కట్టుకోవడానికి తప్ప కోర్టులో పనికిరాదు. అప్పులిచ్చినవాళ్లు తరతరాలు పీక్కుతినకుండా చట్టం ఈ అడ్డు పెట్టింది. పెద్దమ్మ ఆ అడ్డునే మెట్టు చేసుకుంది. గడువు ఇంకో నెల ఉందనగా ఆసామికి కబురు వెళ్లేది: "నోటు తిరగరాద్దాం, ఓసారొచ్చి వెళ్లు అబ్బాయ్." లక్ష అసలుకు మూడేళ్ల వడ్డీ 72,000. రెండూ కలిపి లక్షా డెబ్బై రెండు వేలకు కొత్త నోటు, రెవెన్యూ స్టాంపు మీద సంతకం, పైన ఒక గ్లాసు మజ్జిగ. మరో మూడేళ్లకు అది 2,95,840. తొమ్మిదేళ్లు నిండేసరికి 5 లక్షల 8 వేల పైచిలుకు. వడ్డీ అసలును మించరాదని మన పాత ధర్మశాస్త్రాలు ఒక నియమం పెట్టాయి, దాన్ని దామ్‌దుపట్ అంటారు. కొత్త నోటులో పాత వడ్డీ అసలు వేషం కట్టుకుని కూర్చుంటుంటే పాపం ధర్మశాస్త్రం మాత్రం ఏం గుర్తుపడుతుంది? ఇది న్యాయమేనా అని నన్నడక్కండి. ఆ మజ్జిగ తాగినవాళ్లని అడగండి.

ఇలాంటి ఆవిడ ఎదుట పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు నోరు జారాడు. వాడికి గచ్చిబౌలిలో ఉద్యోగం, ఇరవై మూడేళ్లు. నెలకు ఐదు వేలు సిప్ కడుతున్నానన్నాడు. ఆ మాట విన్న వెంటనే అరిసెలు నములుతున్న చుట్టాలందరికీ వాడి భవిష్యత్తు మీద అధికారం వచ్చేసింది. బాబాయి ప్లాటు కొనమన్నాడు. ఆయన దృష్టిలో భూమి తప్ప మిగతాదంతా మిథ్య. అత్తయ్య ఆ ఐదు వేలూ బంగారం స్కీములో కట్టమంది, రేపు పెళ్లికి పనికొస్తుందట. పెళ్లికూతురెవరని వాడు అడిగితే, ముందు బంగారం ఉంటే ఆవిడే వస్తుందంది.

వాడి నాన్న, అంటే మా బావగారు, ఎయిడెడ్ బడిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన మతం పీపీఎఫ్. 1968లో వచ్చిన ఆ పథకాన్ని ఆయన పథకం అనరు, వ్రతం అంటారు. నెలలో ఐదో తేదీ తర్వాత ఉన్న కనీస నిల్వ మీదే వడ్డీ లెక్కిస్తారు గనుక, ఐదు దాటి కట్టినదానికి ఆ నెల వడ్డీ రాదు. అందుకని సర్వీసంతా ఒకటో తారీఖు జీతం, రెండో తారీఖు పోస్టాఫీసు. రెండో తారీఖున పుట్టిన కొడుకుని ఆయన పోస్టాఫీసు పని ముగించుకుని తీరిగ్గా చూశారని మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది. ఆయన కళ్లలో మెరుపు చూడాలంటే ఒక లెక్క అడగాలి. ఏడాదికి గరిష్ఠంగా అనుమతించే లక్షన్నర చొప్పున, 2020 ఏప్రిల్ నుంచి ఉన్న 7.1 శాతం రేటే కొనసాగుతుందనుకుని కడితే, 15 ఏళ్లకు 40 లక్షల 68 వేలు అవుతుంది. అక్కడితో ఆపకుండా ఐదేసి ఏళ్లు రెండుసార్లు పొడిగించి కడుతూ పోతే 25 ఏళ్లకు కోటీ మూడు లక్షలు. "చూశావా బావా, మొదటి పదిహేనేళ్లూ నలభై. తర్వాత పదేళ్లకే అరవై రెండు!" అంటూ గాల్లో సుద్దముక్కతో రాసి చూపిస్తారు.

మరి ఆయన ఖాతాలో ఆ అరవై రెండూ వచ్చిపడ్డాయా? పీపీఎఫ్‌కి ఒక గొప్ప రక్షణ ఉంది. అప్పులవాళ్లు దావా వేసి గెలిచినా అందులో సొమ్ముని కోర్టు జప్తు చేయడానికి వీల్లేదు. అంత పకడ్బందీ చట్టం రాసినవాళ్లు మా అక్క ఆడపడుచుల సంగతి మాత్రం ఊహించలేకపోయారు. ఏడో ఏటి నుంచి కొంత సొమ్ము తీసుకోవచ్చన్న వెసులుబాటు ఉందని ఆ ఇంట్లో ఎవరికి ముందు తెలిసిందో గానీ, ఏడో ఏడు రాగానే పెద్దావిడ కూతురి ఓణీల ఫంక్షన్ వచ్చింది. తర్వాత చిన్నావిడ గృహప్రవేశం. ఆ తర్వాత పెద్దావిడ కూతురికే పెళ్లి. ప్రతిసారీ "వచ్చే పంటకి ఇచ్చేస్తాం అన్నయ్యా" అన్నారు. అక్కడ ఏ పంట వేశారో తెలియదు, ఇంతవరకు కోతకు రాలేదు. ఆ బాకీకి నోటు లేదు, వడ్డీ లేదు, కాలదోషం పట్టడానికి కాగితమే లేదు.

కిసాన్ వికాస్ పత్రాలదీ ఇదే కథ. 1988లో వచ్చినప్పుడు అయిదున్నరేళ్లలో రెట్టింపు అన్నారు. ఇప్పుడు 115 నెలలు పడుతుంది, అది వేరే సంగతి. రెట్టింపు అనే మాటకు మనవాళ్లు పడిపోతారు గనుక ఇంటింటా బీరువాలో పట్టుచీరల మడతల్లోకి అవి చేరాయి. రెట్టింపైన రోజున బయటికొచ్చాయి కూడా. తెల్లారేసరికి ఒకరి స్కూటరుగానో, మరొకరి డొనేషన్ సీటుగానో మారిపోయాయి. ఇంకోసారి రెట్టింపు అయ్యే భాగ్యం ఏ పత్రానికీ దక్కినట్టు నేను వినలేదు. అసలు రుచంతా ఆ రెండోసారి, మూడోసారిలోనే ఉంది. చీటీలు మరీ అన్యాయం. చీటీ వేసేటప్పుడే ఏ నెలలో పాడుకోవాలో, ఎందుకు పాడుకోవాలో ఇంట్లో తేలిపోయి ఉంటుంది. ఆ డబ్బు పుట్టుకతోనే ఎవరో ఒకరి పెళ్లికి పోతుంది.

మళ్లీ సంక్రాంతి దగ్గరికొద్దాం. మేనల్లుడు అందరి సలహాలూ విని, తన పక్షాన ఒక పెద్దమనిషి ఉండాలని అమెరికా వెళ్లాడు. వారెన్ బఫెట్ తన పదకొండో ఏట, 1942లో, సిటీస్ సర్వీస్ అనే కంపెనీ షేర్లు కొన్నాడని మొదలుపెట్టాడు.

"పదకొండేళ్లకా? వాళ్లమ్మ ఏం చేస్తోంది?" అంది పెద్దమ్మ.

ముప్పై ఎనిమిది డాలర్లకు కొన్నది ఇరవై ఏడుకు పడిపోయిందనీ, మళ్లీ నలభై రాగానే బతుకు జీవుడా అని అమ్మేశాడనీ, తర్వాత అదే షేరు రెండొందలైందనీ చెప్పాడు వాడు.

"తొందరపడ్డాడు," అంది ఆవిడ, ఊళ్లో ఎవరో కుర్రాణ్ణి అన్నట్టుగా. "సరే, నీ సంగతి చెప్పు. ఎవరికిస్తున్నావు ఈ ఐదు వేలు?"

"ఇండెక్స్ ఫండ్ అమ్మమ్మా. పెద్ద పెద్ద కంపెనీలన్నిట్లో తలా కొంచెం."

"వడ్డీ ఎంత?"

వాడు తెలివైనవాడు. శాతాల్లో చెబితే పని జరగదని గ్రహించి, "నెలకు నూటికి రూపాయి పడుతుందనుకుందాం" అన్నాడు.

"రూపాయే! ధర్మవడ్డీ," అని పెదవి విరిచింది. "ఎన్నాళ్లు?"

"అరవయ్యేళ్లు వచ్చేదాకా. నాలుగు కోట్ల పదమూడు లక్షలు అవుతుంది. అదే ముప్పై మూడో ఏట మొదలుపెడితే కోటీ ఇరవై ఒక్క లక్షలే."

గదిలో అరిసెల చప్పుడు ఆగింది. బాబాయి ఫోను తీసి లెక్క వేసుకున్నాడు. పదేళ్లలో కట్టేది ఆరు లక్షలు, ఆలస్యానికి పోయేది దాదాపు మూడు కోట్లు. పెద్దమ్మ ఒక్కతే చలించలేదు. ఈ గుణకారం ఆవిడ ఫోను లేకుండా చేసిందే.

"నూటికి రూపాయి ఇస్తానని నోటెవరు రాశారు?"

"ఎవరూ రాయరు. ఒక ఏడు రావచ్చు, ఒక ఏడు ఉన్నదే పోవచ్చు."

"మరి నీ ఆసామి ఐపీ పెడితే?"

ఐపీ అంటే దివాలా అర్జీ. గోదావరి జిల్లాల్లో ఇంతకంటే పెద్ద ప్రశ్న లేదు. మా పెద్దమ్మ నోట్లు చాలావరకు ముగిసింది అక్కడే. మూడుసార్లు తిరగరాసి, అసలు కొండంత అయ్యాక ఆసామి ఓ ఉదయాన ఐపీ పెట్టేవాడు. కాగితం మీద పెరిగినంత వేగంగా మనిషి సంపాదన పెరగదు కదా. నూటికి రెండు రూపాయల వడ్డీలో ఉన్న కిటుకు అదే. అది ముందు అవతలివాణ్ణి మింగుతుంది, తర్వాత ఇవతలివాడి అసలుని మింగుతుంది.

వాడు సత్యం కంప్యూటర్స్ కథ చెప్పాడు. 2009 జనవరి 7న, లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ ఛైర్మన్ రాసిన ఉత్తరం బయటపడిన రోజునే ఆ షేరు ముప్పావు వంతుకు పైగా కరిగిపోయింది. హైదరాబాదులో ఆ రోజు గుండె పట్టుకోని మనిషి లేడు. సెన్సెక్స్ మాత్రం సత్యాన్ని కుర్చీలోంచి లేపి మరో కంపెనీని కూర్చోబెట్టి ముందుకెళ్లిపోయింది. 1978-79ని వందగా పెట్టి లెక్కిస్తే అది 1990లో వెయ్యి దాటింది, 2024లో ఎనభై వేలు. అలాగని నున్నటి రోడ్డేమీ కాదు. 2008 జనవరిలో ఇరవై ఒక్క వేలున్నది అక్టోబరులో ఎనిమిది వేల కిందికి దిగింది.

"అంటే ఒక ఆసామి ఐపీ పెడితే ఆ నోటు ఇంకొకడు రాసిస్తాడన్నమాట," అంది పెద్దమ్మ. "ఇరవై ఒకటి ఎనిమిదైనప్పుడు నువ్వేం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. ఐదు వేలు కడుతూనే ఉంటాను."

ఆవిడ మొహంలో మొదటిసారి కాస్త మెచ్చుకోలు కనిపించింది. వెంటనే సర్దుకుని, "నీకు అరవయ్యేళ్లు వచ్చేసరికి కాసు బంగారం ఎంతుంటుందో?" అంది. నాలుగు కోట్లూ అక్కడికక్కడ కుంచించుకుపోయాయి. జీతం పెరిగినప్పుడల్లా సిప్ కూడా పెంచుతానని వాడు గొణిగాడు. అత్తయ్య బంగారం అన్న మాట వినగానే విజయగర్వంతో అందరికీ ఇంకో అరిసె వడ్డించింది.

మర్నాడు పెద్దమ్మ వాణ్ణి పెరట్లోకి పిలిచి, తన పేరన కూడా నెలకు మూడు వేలు అందులో వేయమంది. ఆవిడకు ఎనభై ఒకటి. ఎన్నేళ్లు ఉంచాలని అడిగింది. కనీసం పదిహేనేళ్లు అన్నాడు వాడు, వేరే మాట తోచక. "సరే కానీ," అని, నామినీ పేరు వాడి చెవిలో చెప్పింది.

ఆ పేరేమిటో వాడు మాకెవరికీ చెప్పడు. కోట్లు ఎప్పుడొస్తాయో గానీ, పెద్దమ్మకు రాబడి మొదటి నెలలోనే మొదలైంది. బాబాయి పొద్దున్నే ఫోన్ చేసి కాఫీ తాగావా వదినా అంటున్నాడు. అత్తయ్య పదిహేను రోజులకోసారి సున్నుండలు పంపుతోంది. మా అక్క ఆడపడుచులు కూడా తణుకు మీదుగా వెళ్లేటప్పుడు ఆగి, కాళ్లకు దండం పెట్టి వస్తున్నారట.