లైవు పిన్ని

మా అపార్టుమెంటులో మూడో అంతస్తావిడ అసలు పేరు వాచ్‌మన్ కూడా మరిచిపోయాడు. అందరికీ లైవు పిన్నే.

ఒకప్పుడు పిన్ని వ్యాపారమంతా మంచం మీదే. మూట విప్పి, చీర మన భుజాన వేసి, "నీ ఒంటికి ఎంత నప్పిందే" అనేసి, నోటుబుక్కులో మూడు వాయిదాలు రాసుకునేది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఫోన్లో నెట్ ఉచితంగా పారింది. నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. చిల్లర దొరకని ఆ రోజుల్లో పిన్ని యూపీఐ నేర్చింది. నోటుబుక్కు అటకెక్కింది. ఇప్పుడు ముందు ఫోన్‌పే, తరవాతే చీర.

రాత్రి ఎనిమిదింటికి ఫోన్లో చీరల లైవు కోసం రింగు లైటు వెలుగుతుంది. కుక్కరు కూత వెయ్యకూడదు. బాబాయి రిటైరైన హెడ్మాస్టరు. ముప్పై ఏళ్లు బెత్తం పట్టిన ఆ చేతులు ఇప్పుడు కెమెరా ముందు కొంగు పట్టుకుంటాయి. మొహం కనబడదు, అదొక్కటే ఆయనకు ఊరట.

"హాయ్ అండీ, అందరూ భోంచేశారా? నా మాట వినిపిస్తోందా? ఇది మంగళగిరి పట్టండీ, సింగిల్ పీసు! స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చెయ్యండి." ఆ సింగిల్ పీసుని ఉగాది నుంచీ చూస్తూనే ఉన్నాను. ధర నాలుగుసార్లు చెప్పాక కింద అయిదో కామెంటు: "ప్రైస్ ప్లీజ్." డాలస్‌లో పొద్దున్నే కాఫీ తాగుతూ ఇంకొకామె, "పిన్నీ, రెండొందలు తగ్గించవూ?" సముద్రాలు దాటినా బేరం పోలేదు.

షరతులు మాత్రం గట్టివి. చీర చిరిగిందంటే పార్సిలు విప్పుతున్న వీడియో కావాలి, మధ్యలో ఆపకుండా తీసింది. రంగు మారిందంటే వీడియో కూడా చెల్లదు. మా అమ్మ నెమలికంఠం అడిగితే వంకాయరంగు వచ్చింది. "అది లైటు తేడా వదినా" అంది పిన్ని.

ఆవిడ వాట్సాప్ స్టేటస్‌లో పైన గీతలు ఎప్పుడో చుక్కలైపోయాయి. నిరుడు చీరల మధ్య మనవరాలు పుట్టిన ఫొటో పెట్టింది. పద్నాలుగు మంది "ప్రైస్ ప్లీజ్" అన్నారు. ఒకావిడ "సింగిల్ పీసేనా?" అని కూడా అడిగింది.

మొన్న పిన్ని సంచీ పట్టుకుని లిఫ్టులో ఎదురైంది.

"ఎక్కడికి పిన్నీ?"

"బజారుకే అమ్మడూ. మేనకోడలి పెళ్లికి నాకో పట్టుచీర తెచ్చుకోవాలి."

"బజారుదాకా ఎందుకు? ఎవరి లైవులోనైనా బుక్ చేసుకుంటే ఇంటికే వస్తుందిగా!"

పిన్ని నన్ను జాలిగా చూసింది.

"పిచ్చిదానా, చేత్తో పట్టి చూడకుండా చీరెవరు కొంటారే!"