అర్ధమాత్ర

మా ఇంటి దేవుని గూటిలో, వేంకటేశ్వరస్వామి పటమునకు ఎడమ ప్రక్కను, కుంకుమ భరిణెకును అగ్గిపెట్టెకును నడుమ, పది మాత్రలు గల ఒక షీటు పందొమ్మిది దినములు నిత్యపూజ లందుకొనెను. దానిని అచ్చట ప్రతిష్ఠించినది మా ఆవిడ. బీరువాలో పెట్టినచో నేను చూడనట్లు నటింతుననియు, ఇచ్చటనైతే దణ్ణము పెట్టుకొను వేళనైన దృష్టి సోకక తప్పదనియు ఆమె యుక్తి. యుక్తి ఫలించినది. దృష్టి ప్రతిదినమును సోకెను, దణ్ణమును పెట్టితిని, మాత్ర మాత్రము మ్రింగనైతిని.

నేను రాజమహేంద్రవరమున కాపురముండువాడను. ముప్పదినాలుగేండ్లు ఆడిటు శాఖలో పనిచేసి, ఊరూరి వోచర్లలోను ఊరూరి తప్పులు వెదకి, ప్రభుత్వము వారినుండి జీతమును, పంచాయతీ గుమాస్తాలనుండి శాపనార్థములను నెలనెలా తప్పక స్వీకరించి, అరువది రెండవ యేట విరమించితిని. నా వృత్తికి మూలధనము అనుమానము. కాగితము మీద సంతకమున్నచో అది వానిదేనా యనియు, లేనిచో ఎందుకు లేదనియు అడుగుటయే నా స్వధర్మము. విరమణ దినమున నాకు శాలువ కప్పి, దండ వేసి, వెండి గిన్నె చేత పెట్టి పంపిరి గాని, నా అనుమానమునకు ఎవ్వరును విరమణోత్తరువు లియ్యలేదు. అది నాతోపాటే ఆటో ఎక్కి ఇంటికి వచ్చి, తనిఖీ చేయుటకు పంచాయతీలు లేకపోవుటచే నన్నే తనిఖీ చేయ మొదలిడెను.

రాత్రి పడుకొనబోవు ముందు గ్యాసుబండ కట్టితినా లేదా యని ఒకసారి చూచుట వివేకము. రెండుసార్లు చూచుట జాగ్రత్త. నాలుగవసారి నేను వంటింట దీపము వేసినపుడు మా ఆవిడ పక్క మీదనుండియే, "పాపం, దాన్ని కూడా కాస్త పడుకోనివ్వండి" అనెను. విశాఖపట్నము పోవలసి వచ్చిన నాడు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్సు విజయవాడలో బయలుదేరక మునుపే నేను రాజమండ్రి ప్లాట్‌ఫారము మీద నిలిచియుంటిని. తెల్లవారుజామున మూడు గంటలకు ఎవరో తట్టి లేపినట్లు మెలకువ వచ్చును, గుండె దడదడలాడును, ఎందుకా యని విచారింపగా, 1998లో ఒక గ్రామపు మంచినీటి బావి పద్దులో నేను దయదలచి విడిచిపెట్టిన అభ్యంతరపు పారా ఒకటి జ్ఞాపకమునకు వచ్చును. ఆ బావి ఎప్పుడో పూడిపోయినది. పారా మాత్రము పూడలేదు.

ఇ.సి.జి. తీసిరి, ఎకో తీసిరి, థైరాయిడు చూచిరి. అన్నియు నార్మల్. ఆ మాట విని సంతోషించువాడు ఆరోగ్యవంతుడు. నాకైతే యంత్రము చెడినదేమో యని తోచెను. మా బావమరిది దీనికి గ్యాసు అని నామకరణము చేసెను. తెలుగుదేశమున కంఠమునకు దిగువను, మోకాళ్ళకు ఎగువను కలుగు సమస్త బాధలకును ఆ పేరు సరిపోవును.

నిజమునకు మన భాషలో ఈ బాధకు పేర్లు లేకపోలేదు. ఉండవలసిన వానికంటె ఎక్కువగానే యున్నవి. పాలు మాన్పించి అమ్మమ్మగారింట దిగవిడిచిన బిడ్డకు పట్టుకొనునది బెంగ. అది జ్వరముగా కూడ మారగలదు. సాయంసంధ్య దీపము పెట్టు వేళ ఏ కారణమును లేకయే రొమ్ములో వచ్చి కూర్చుండునది గుబులు. టెలిగ్రాము వచ్చినదనగా, దానిని విప్పకముందు కలుగునది ఆదుర్దా; విప్పిన పిమ్మట కలుగునది దుఃఖము గనుక అది వేరు పద్దు. రైలు కదలుచుండగా మరచెంబుతో పరుగెత్తువానిది కంగారు. తనిఖీకి నేను గడపలో అడుగు పెట్టినపుడు గుమాస్తా ముఖమున కనబడుచుండినది బెదురు. గాభరా యనునది హిందుస్థానీనుండి వచ్చి మన ఇంట స్థిరపడిన చుట్టము. వచ్చినదనగా ఇల్లంతయు ఎరుగవలసినదే. దిగులు వీనన్నిటిలోను నెమ్మదిగలది. ఒకచోట కూలబడినచో కదలదు. ఈ ఏడింటికిని నేను ఒక్కడనే ఆశ్రయమిచ్చితినని, ఎట్టకేలకు పోయి చూపించుకొన్న మానసిక వైద్యులకు సవివరముగా విన్నవించుకొంటిని.

ఎట్టకేలకు అనుటకు కారణమున్నది. తెలంగాణమున ఎర్రగడ్డ పేరెట్టిదో, మా కోస్తాలో చినవాల్తేరు పేరట్టిది. ఎన్నివేలమందికో నెమ్మది ప్రసాదించిన ఆసుపత్రులున్న పేటల పేర్లను మనము వెక్కిరింతలుగా మార్చుకొంటిమి. అందుచేత నేను ఆ డాక్టరుగారి మేడమెట్లు ఎక్కునపుడు, క్రింది అంతస్తులోని పండ్ల డాక్టరువద్దకు పోవువానివలె చెంప పట్టుకొని ఎక్కితిని.

ఆయన నా ఏడు మాటలును ఓపికతో విని, చీటీ మీద "యాంగ్జైటీ" అని ఒకే మాట వ్రాసెను. ఏడు పద్దులకు ఒకే వోచరు! పిదప ఒక ప్రశ్నావళి ముందు పెట్టెను. విచిత్రమేమనగా, అందును ఏడే ప్రశ్నలు. మొత్తము 21 మార్కులు. నాకు 14 వచ్చినవి. విద్యార్థి దశలో ఎన్నడును దక్కని ప్రథమశ్రేణి, తక్కువ రావలసిన పరీక్షలో దక్కినది.

"ఎస్సిటాలోప్రామ్ అనే మందు మొదలుపెడదామండీ. పది మిల్లీగ్రాముల మాత్రలో సగం, టిఫిను తిన్నాక. రెండు మూడు వారాలకు కొద్దిగా గుణం కనిపిస్తుంది, పూర్తిగా తెలియడానికి ఆరు వారాలు పట్టొచ్చు. మొదటి వారం కాస్త వికారం, కాస్త అలజడి ఉంటే ఉండొచ్చు. మీ అంతట మీరు హఠాత్తుగా మాత్రం ఆపకండి" అని ఆయన చెప్పెను. మందుల షాపులో కుర్రవాడు చీటీ చూచి, నా వెనుక మా వీధి వారిద్దరు నిలిచియుండగా, ఉచ్చైస్స్వరమున, "ఇది మెంటల్ మందు కదండీ, ఎవరికండీ?" అని అడిగెను. "మా బంధువులకు" అంటిని. ఇంటికి వచ్చి షీటు చూతును గదా, దాని అంచున పొడుగునా ఒక ఎర్రగీత! డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదనుటకు అది గుర్తట. ఆడిటు చేసినవానికి ఎర్రసిరా గీత యనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు.

మందు పెట్టెలోని మడతల కాగితమును అడిగి తెచ్చుకొని యుంటిని. దానిని విప్పి, నాలుగు మూలల బరువులు పెట్టి, భూతద్దముతో రెండు దినములు పారాయణము చేసితిని. అందు అతినిద్రయు కలదు, నిద్రలేమియు కలదు; ఆకలి తగ్గుటయు కలదు, పెరుగుటయు కలదు; మలబద్ధమును, దానికి సరిగా ఎదురైనదియు పక్కపక్కనే కలవు. పరస్పర విరుద్ధములైన పద్దులు ఒకే పుటలో కనబడినచో పూర్వము నేను ఎంతటి కార్యనిర్వాహకుని చేతనైనను సంజాయిషీ వ్రాయించెడివాడను. అన్నిటికంటె ఘోరము, ఆందోళనకు ఈయబడుచున్న ఆ మందు కలిగింపగల దోషములలో ఆందోళనయు ఒకటి! ఇంకొక అభ్యంతరము మూలమునకే సంబంధించినది. ఈ జాతి మందులకు కుంగుబాటు మందులని పేరు. నాకు కుంగుబాటు లేదు, ఉన్నది కంగారు. ఒక పద్దు క్రింద మంజూరైన సొమ్మును వేరొక పద్దు క్రింద వెచ్చించుటను మా శాఖలో నిధుల మళ్ళింపు అందురు. ఇవి యన్నియు రూళ్ళ కాగితము మీద పారాలుగా వ్రాసి, సమాధానముల కొరకు కుడి ప్రక్కను ఖాళీ విడిచి, డాక్టరుగారికి సమర్పించితిని.

ఆయన నవ్వలేదు. అందుకు నేనాయనకు కృతజ్ఞుడను. "మళ్ళింపు అంటారా? ఈ మందుల వంశమే అలా పుట్టిందండీ" అని మొదలుపెట్టెను. 1952లో న్యూయార్కు నగరమున, స్టేటన్ ఐలాండులోని సీవ్యూ ఆసుపత్రిలో, క్షయరోగులకు ఐప్రోనియాజిడ్ అను మందిచ్చి చూచిరట; ఊపిరితిత్తుల సంగతి యటుంచి, మంచముల మీద వాలియుండిన రోగులు లేచి కూర్చుండి, ఆకలి యనుచు, హుషారుగా వార్డులలో తిరుగ మొదలిడిరట. స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ అను వైద్యుడు ఇమిప్రమీన్ అను దానిని మరొక తీవ్రమైన మనోవ్యాధికి వాడిచూడగా అది దానికి పనికిరాక కుంగుబాటుకు పనికివచ్చెనట. ఆ సంగతి 1957లో ఆయన ప్రకటించెను. ఇక నా చేతిలోని మందు ఆ వంశమున తరువాతి తరమువాడు. 2002లో అమెరికాలో కుంగుబాటుకు అనుమతి పొంది, మరుసటి యేటనే ఆందోళనకును పొందినది. అనగా అనుబంధ మంజూరు ఉన్నదన్నమాట! అట్టి ఉత్తర్వు చూపినపిమ్మట మళ్ళింపు పారా నిలువదు. కొట్టివేసితిని.

మరి ఇది చేయు పని యేమి? మెదడులో నాడీకణములు సెరటోనిన్ అను పదార్థమును విడిచి, వెంటనే దానిని తిరిగి లోనికి పీల్చుకొనునట. ఆ పీల్చుకొనుటను ఈ మందు అడ్డగించునట. మార్చి 31వ తేదీన మిగులు నిధులు ఖజానాకు తిరిగిపోకుండ ఆపినట్లు, అని నేను గ్రహించితిని. అంతమాత్రమున మనస్సు ఏల నెమ్మదించునో ఆ లెక్క ఇంకను పూర్తిగా తేలలేదని ఆయనయే ఒప్పుకొనెను. ముప్పదినాలుగేండ్లలో అడుగకుండ ఒప్పుకొన్న అధికారిని అప్పుడే చూచుట. మాటలలో మాటగా, శరీరమునందలి సెరటోనిన్‌లో నూటికి సుమారు తొంబది పాళ్ళు ప్రేవులలోనే యుండునని కూడ సెలవిచ్చెను. ఈ సంగతి ఇంట చెప్పి నేను పొరపాటు చేసితిని. మా బావమరిది లేచి నిలుచుండి, "నేను గ్యాసు అన్నాను కదా బావగారూ!" అని, ఆ పూట మా ఇంటనే భోజనము చేసి వెళ్ళెను.

తక్కిన సలహాలను క్లుప్తముగా చెప్పెదను. డాలసులోని మా అబ్బాయి, "నాన్నా, బీపీ మాత్ర వేసుకోవట్లేదూ? ఇదీ అంతే" అనెను, బీపీ మాత్ర వేసుకొనుటకు నాకు ఎనిమిది నెలలు పట్టినదని వానికి తెలియదు. మా పెదనాన్నగారు గీత చదువుమనిరి. చదివితిని. ప్రథమాధ్యాయముననే అర్జునునకు నోరెండుట, ఒడలు వణకుట, రోమాంచము, చర్మము మంటలెత్తుట, నిలువలేకపోవుట, తల తిరుగుట, చేతిలోని విల్లు జారుట కనబడెను. డాక్టరుగారి ప్రశ్నావళి ముందు పెట్టినచో కిరీటికి నాకంటె ఎక్కువ మార్కులే వచ్చెడివి. అయితే ఆయనకు ప్రక్కనే సారథిగా కూర్చుండి పదునెనిమిది అధ్యాయముల పర్యంతము విసుగక సమాధానము చెప్పగల వైద్యుడు దొరికెను. మా డాక్టరుగారికి బయట ఇరువదిమంది రోగులు వేచియుండిరి.

ఇచ్చట ఒక నేరము ఒప్పుకొనవలసియున్నది. ఇంత ఆడిటు చేసిన నేను, అంతకు ముందు ఎనిమిది నెలలుగా, తెలిసినవారెవరో ఇచ్చిన చిన్న నిద్రమాత్రను, ఆల్ప్రజోలామ్ అను దానిని, ఏ కాగితమును చదువక, ఏ పారాయు వ్రాయక, రాత్రి మజ్జిగతో మ్రింగుచుంటిని. అది అరగంటలో పని చేసెడిది. అరగంటలో పని చేయుదానిని ఎవడు అనుమానించును? అలవాటుగా మారి పట్టుకొనునది అదియేననియు, దానిని కొద్దికొద్దిగా తగ్గించవలెననియు, క్రొత్తది ఆ విధముగా పట్టుకొనునది కాదనియు వైద్యుడు చెప్పినపుడు, దొంగను ఇంట పెట్టుకొని కావలివానిని గుర్తింపు కార్డు అడిగినవాని ముఖము నాకు వచ్చెను. అంతియేల, మా గోదావరి జిల్లాలలో ఏటేట ఆరోగ్య కార్యకర్త గుమ్మములోనికి తెచ్చి ఇచ్చెడి బోదకాలు మాత్రలను, భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో రూపొందించిన మందును, ఆమె చూచుచుండగనే నోట వేసికొని నీళ్ళు త్రాగుచుంటిని. పేరైనను అడిగిన పాపమున పోలేదు.

పందొమ్మిదవ నాటి సాయంకాలము, నేను ఆరవసారి ఆ మడతల కాగితమును విప్పుచుండగా, మా ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీయుచు, తల యెత్తకయే అడిగెను: "ఏమండీ, ఈ మందు వద్దంటున్నది మీరా, ఆ జబ్బా?"

సమాధానము చెప్పబోయి నిలిచిపోతిని. మా శాఖలో ఒక ప్రాథమిక నియమము కలదు. ఏ గుమాస్తాయు తాను వ్రాసిన లెక్కలను తానే తనిఖీ చేయరాదు. ఆ నియమము ఉల్లంఘించినవారిని నేను ఎందరినో పట్టుకొంటిని. ఇప్పుడు పందొమ్మిది దినములుగా నా కంగారు తన్ను అణచుటకై వచ్చిన మందు యొక్క పత్రములను తానే ముందు వేసికొని, తానే అభ్యంతరములు వ్రాసి, తానే సమాధానములు సంతృప్తికరముగా లేవని తీర్మానించుచుండెను. నేను గుమాస్తానని భ్రమించిన చోట వట్టి కలమును.

మరునాడు రెండిడ్డెనలు తిన్న పిమ్మట, కూరలు తరుగు కత్తితో మాత్రను సగము చేయబూనితిని. మొదటిది గోడకు తగిలి పొడియయ్యెను. రెండవది సరిగా రెండయ్యెను. సూత్రమున అర్ధమాత్ర లాఘవము దొరికినచో వైయాకరణులు కొడుకు పుట్టినంతగా సంబరపడుదురందురు. నేను ఆ అర్ధమాత్రను అరచేత పెట్టుకొని, కొడుకును డాలసుకు పంపునప్పటి వలె ఒక నిమిషము చూచి, నోట వేసికొంటిని. మా ఆవిడ చెంబు అందించి, నేను మ్రింగితినో లేదో నోరు తెరచి చూపుమనెను. ఆడిటు ఆమెకును అంటినది.

మూడవ నాడు వికారము కలిగెను. ఐదవ నాడు పోయెను. రెండు రాత్రులు నిద్ర సరిగా లేదు. వయస్సు మళ్ళినవారికి ఒక్కొక్కప్పుడు దీనివలన రక్తమున ఉప్పు తగ్గునని డాక్టరుగారు సోడియము పరీక్ష చేయించిరి, నార్మల్. ఈసారి యంత్రమును నమ్మితిని. నేటికి పదునారు దినములైనది. నిన్న రాత్రి గ్యాసుబండను రెండుసార్లే చూచితిని. అది మందు గుణమో, మోకాలి నొప్పియో ఇప్పుడే తేల్చుటకు వీలులేదు. డాక్టరుగారు పెట్టిన గడువు ఇంకను తీరలేదు. ఈ వ్యాసము చదివి నాకు హితవు చెప్పదలచిన పాఠక మహాశయులు తమ ఉత్తరములను ఇప్పుడే వ్రాసి యుంచుకొని, దయచేసి మరి నాలుగు వారములకు టపాలో వేయవలసినదిగా ప్రార్థించుచున్నాను.