ఓడిన అభ్యర్థి ఖాతాలో కాక్‌టెయిల్

కాక్‌టెయిల్ అనే మాటకు అర్థం కావాలంటే నిఘంటువు తిరగేయడం దండగ. ఎన్నికల ఖర్చుల లెక్క చూడాలి. వెటకారం కాదు, నిజమే చెబుతున్నా. 1806 మే నెలలో న్యూయార్క్ రాష్ట్రం హడ్సన్ పట్నంలో ‘బ్యాలెన్స్ అండ్ కొలంబియన్ రిపాజిటరీ’ అనే పత్రిక క్లావెరాక్‌లో ఓడిపోయిన ఓ అభ్యర్థి పద్దు అచ్చేసింది. రమ్ము గ్రాగులు 720, బ్రాందీ గ్రాగులు 17, జిన్ స్లింగులు 32, చేదు కషాయం 411 గ్లాసులు, కాక్‌టెయిల్ 25 గ్లాసులు. నష్టం పద్దులో అన్నిటికన్నా అడుగున అతగాడి ఎన్నిక. లాభం పద్దులో గుండుసున్నా.

మిగతావన్నీ తెలుసు గానీ ఈ కాక్‌టెయిల్ ఏమిటని ఓ పాఠకుడు అడిగాడు. మే 13 సంచికలో ఎడిటర్ హ్యారీ క్రాస్‌వెల్ జవాబిచ్చాడు. ఏదో ఒక సారాయి, చక్కెర, నీళ్లు, చేదు, ఈ నాలుగూ కలిస్తే కాక్‌టెయిలు. అంతటితో ఊరుకుంటే ఎడిటరెట్లా అవుతాడు? ఇది గుండెకు ధైర్యమిచ్చి బుర్రకు మత్తెక్కిస్తుంది కాబట్టి ఎన్నికలకు దివ్యంగా పనికొస్తుందనీ, ఒక గ్లాసు మింగినవాడు ఆపైన ఏది చెప్పినా మింగుతాడు గనక డెమోక్రాటు అభ్యర్థులకు మరీ మంచిదనీ చురక అంటించాడు. పత్రిక అవతలి పక్షానిది మరి.

నంద్యాలవాడికి ఈ నిర్వచనం విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోతే, జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డిని గెలిపించింది మేమే. 1991 ఉపఎన్నికలో ప్రధాని పి.వి.కి 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీ ఇచ్చిందీ మేమే. 2017 ఆగస్టు ఉపఎన్నికకు రాష్ట్రమంతా మా ఊరివైపే చెవులు రిక్కించింది. మేం దేంట్లో ఏది కలుపుతామో బ్రహ్మదేవుడికి కూడా లెక్కింపు రోజునే తెలుస్తుంది.

అందుకే ఈ అమెరికా పద్దు పట్టుకుని సిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ పోయి మా మామ ముందు పెట్టినా. మామ పోలింగ్ ఏజెంటుగా కూర్చోని ఎన్నిక లేదు.

“720 గ్లాసులు పోసినా ఓడిపోయినాడంట మామా.”

“పోసినందుకు కాదురా ఓడిపోయింది, రాసిపెట్టుకున్యాడు సూడు, అందుకు.”

“రాయకపోతే ఎట్లా? ఫలితాలొచ్చిన 30 రోజుల్లో లెక్క ఇయ్యాల కదా. అసెంబ్లీకి 40 లక్షలు దాటగూడదు కదా.”

“ఆ లెక్క యేరే. దాంట్లో జీపులు, జెండాలు, టిఫిన్లు ఉంటాయి. కాక్‌టెయిలు 25 గ్లాసులని ఏ పద్దు కింద రాస్తావు, మజ్జిగ కిందనా?” మామ కాసేపు కాగితం వంకే చూసినాడు. “అది సరే గానీ, 411 గ్లాసుల చేదు యాల పోసినాడు?”

“ఆ కాలంలో దాన్ని ఆరోగ్యానికని తాగేవాళ్లు.”

“ఇంగేం! ఓటర్లకు ఆరోగ్యం కుదిరి, మతి కుదిరి, పోయి అవతలోనికి గుద్దినారు.”

మాట ఎక్కడ పుట్టిందో కూడా చెప్పినా. న్యూఆర్లియన్స్‌లో కోడిగుడ్డు పెట్టుకునే గిన్నెలో మందు పోసిచ్చేవాళ్లని ఒక కథ. పూటకూళ్లామె గ్లాసులో కోడిపుంజు ఈక గుచ్చి ఇచ్చిందని ఇంకో కథ. రెండూ తాగినాక పుట్టినట్టే ఉంటాయి. 1798లో లండన్ పత్రిక ఒకటి ప్రధాని పిట్ బాకీల మీద జోకేస్తూ ఈ మాట వాడి, పామరులు దీన్నే అల్లం అంటారని చేర్చింది. ఇక్కడా రాజకీయమే, గమనించండి. గుర్రాల బేరగాళ్లు ముసలి గుర్రం తోక నిక్కపొడుచుకోవాలని దాని వెనక అల్లం పెట్టేవాళ్లట. అట్లా తోక లేపించేది కాక్‌టెయిల్ అయిందని ఒక పరిశోధకుడి వాదన. మామకు ఇదొక్కటే నమ్మబుద్ధయింది. “మన సంతలో ఎద్దు తోక మెలేస్తారు, వాళ్లు అల్లం పెట్నారు. బేరగాడు యాడైనా బేరగాడే.”

అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉంటే, దొంగసారా కంపు కప్పిపెట్టడానికి పండ్లరసాలు, తేనె కలిపి కొత్త కాక్‌టెయిళ్లు కనిపెట్టారంటారు. మనకూ 1995 జనవరిలో ఎన్టీఆర్ తెచ్చిన నిషేధం 1997 దాకా నడిచింది. ఒక్క కాక్‌టెయిలన్నా పుట్టిందా? బెల్లం ఊట, తుమ్మచెక్క, నాటుసారా, అంతే. మా వాళ్లకు కలిపేంత ఓపిక ఎప్పుడూ లేదు. క్వార్టరు మూత తిప్పుతారు, నీళ్ల ప్యాకెట్టు మూల పళ్లతో కొరుకుతారు, సగం గ్లాసులో, సగం చొక్కా మీద. కలపడమనే విద్య చూడాలంటే ఎండాకాలం నంద్యాల బస్టాండు దగ్గర నన్నారి బండి ముందు నిలబడాలి. నానిన సబ్జా గింజలు ఒక గరిటెడు, సుగంధిపాల వేళ్ల పాకం రెండు వేళ్ల మందం, నిమ్మకాయ పిండి, సోడాబుడ్డి గోలీని బొటనవేలితో ఒక్క తోపు తోసి పోస్తే నురగ అంచుదాకా వచ్చి ఆగుతుంది. పొర్లదు. ఏ స్టార్ హోటల్ వాడికీ ఆ అంచనా అందదు.

మొన్నామధ్య మామ పనిమీద నంద్యాల వస్తే ఏసీ హోటల్‌కు తీసుకుపోయినా. మెనూలో మాక్‌టెయిల్స్ అని ఒక పేజీ నిండా ఉంది.

“ఇదేందిరా?”

“కాక్‌టెయిలే మామా, సారాయి తీసేసింది.”

నిమ్మకాయ, పుదీనా, సోడా, గొడుగు గుచ్చిన గ్లాసొకటి వచ్చింది. మామ గొడుగు తీసి పక్కన పెట్టి, ఒక గుక్క తాగి ఆలోచనలో పడినాడు.

“పోలింగుకు ముందు 48 గంటలు షాపులు మూస్తారు గదా. అప్పుడు గూడా దీన్ని పోయచ్చా?”

“అమ్మేదానికేం, అమ్మచ్చు. దీంట్లో మందు లేదు.”

“అయితే దీన్ని లెక్కలో గూడా రాయచ్చు,” అన్నాడు మామ, ఇంకో గుక్క తాగి. “కానీ దీనికి ఓటెవడేస్తాడురా?”