ఎర్ర మారుతి ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్నది ఒక ఎర్ర మారుతి 800. పుట్టింది 2012లో, గుర్‌గావ్ ఫ్యాక్టరీలో. బతుకంతా శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం నౌపడలో. నంబరు ప్లేటు మీద ఏపీ 30 అని ఉంటుంది. తొలి మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరు 14న. కాలుష్య నిబంధనల వల్ల 2010లోనే హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల్లో అమ్మకం ఆగిపోయినా, చిన్న ఊళ్ల కోసం 2014 జనవరి దాకా తయారవుతూనే ఉంది. ఆ చివరి విడతల్లోదే ఈ కారు. దాని 796 సీసీ ఇంజన్ గురించి మెకానిక్కులు చాలానే చెబుతారు కనుక ఇక్కడ ఆ ఊసు లేదు. ఇక్కడ ఉన్నదల్లా ఒంటి రంగు, దాని కింది రేకు, ఏటా ఉగాది ముందు ఆ రెంటికీ జరిగే కడుగుడు, మైనం పూత, రెండు మూడేళ్లకోసారి పాలిష్.

కారు రంగంటే ఒక్క పొర కాదు. రేకుకు మొదట ఫాస్ఫేట్ పూత పట్టిస్తారు. తర్వాత బాడీ మొత్తాన్నీ తొట్టిలో ముంచి, కరెంటు సాయంతో తుప్పును ఆపే ప్రైమరు పట్టిస్తారు. దాని మీద ఇంకో ప్రైమరు, ఆపైన రంగు. మెటాలిక్ కార్లకైతే అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర కూడా ఉంటుంది. ఇన్ని పొరలూ కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త ఎక్కువ. ఈ కారుది సాదా ఎరుపు, పైన క్లియర్ కోట్ లేదు. ఆ సంగతి తెలుసుకోవడం తేలికే. తలుపు లోపలి అంచున తెల్ల గుడ్డతో ఇంత పాలిష్ రుద్దితే గుడ్డ ఎర్రబడుతుంది. క్లియర్ కోట్ ఉన్న కారుకు రుద్దితే గుడ్డకు మురికి అంటుతుందే గాని రంగు అంటదు. క్లియర్ కోట్ లేని ఎరుపు ఎండకు తొందరగా వెలుస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పై పొరలోని రెసిన్‌ను చెడగొడితే, దాన్ని పట్టుకుని ఉన్న రంగుపొడి వదులై పైకి తేలుతుంది. అప్పుడు ఎరుపు కాస్తా గులాబీ అవుతుంది, వేలితో రాస్తే పొడి అంటుతుంది. ఈ కారు పైకప్పు నాలుగో ఏటికే అలా తయారైంది.

బానెట్ కథ వేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం ప్రాంతపు కొబ్బరితోటలు, జీడితోటలు కూలిపోయిన ఆ రోజే ఒక కొబ్బరి గెల తెగి బానెట్ మీద పడింది. సొట్ట తీసి, మళ్లీ రంగు కొట్టింది ఒక చిన్న షెడ్డులో. ఫ్యాక్టరీలో రంగు 140 డిగ్రీల వేడి ఓవెన్‌లో గట్టిపడుతుంది. షెడ్డులో అంత వేడి ఉండదు. అక్కడ హార్డెనర్ కలిపి కొట్టిన రంగు మామూలు గాలికే ఆరుతుంది, లోపల మిగిలిన ద్రావకం వారాల తరబడి బయటికి పోతూనే ఉంటుంది. అందుకే కొత్తగా రంగు వేసిన భాగానికి రెండు మూడు నెలలు మైనం పూయకూడదు; పూస్తే ఆ ద్రావకానికి దారి మూసినట్టే. అప్పటినుంచి ఈ కారుకు రెండు ఎరుపులు. ఉదయం ఎండలో తేడా తెలియదు గాని సాయంత్రం పక్కనుంచి చూస్తే తెలిసిపోతుంది.

ఇక నౌపడ గాలి. ఊరి చుట్టూ ఉప్పు మడులు, వాటికి అవతల భావనపాడు, మూలపేట, సముద్రం. ఎండలు ముదిరేకొద్దీ మడుల్లో నీళ్లు ఆవిరై తెల్లటి కుప్పలు లేస్తాయి. ఊరికి అది పంట, కారుకు గండం. సముద్రపు గాలి తెచ్చే సన్నటి ఉప్పుతుంపర కంటికి కనిపించకుండానే రేకు మీద వాలుతుంది. ఉప్పుకు ఒక గుణం ఉంది: గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమను లాక్కుని తానే కరిగి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకైతే అంత తేమ కూడా అక్కర్లేదు, 33 శాతం చాలు. అంటే తీరాన నిలబడిన కారు పగలు ఆరినట్టు కనిపించినా దాని సందుల్లో ఉప్పునీరు ఉన్నట్టే లెక్క.

ఆ ఉప్పునీటికి రంగుతో పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా రేకుతో. గులకరాయి తగిలి రంగు లేచిన చోట, బురద పేరుకున్న చక్రాల గూళ్లలో, తలుపుల అడుగు మడతల్లో అది పని మొదలుపెడుతుంది. క్లోరైడు ఇనుమును వదలదు. తుప్పు రంగు కిందనుంచి పాకి బుడగలా పైకి లేచేసరికి లోపల రేకు సగం తినేసి ఉంటుంది. బానెట్‌ను అద్దంలా చేసి, అడుగు వైపు వంగి కూడా చూడని యజమానులు ఈ తీరంలో ఎందరో. ఈ కారు యజమాని కూడా మొదటి మూడేళ్లు ఆ బాపతే. ఎడమ తలుపు అడుగున పడిన చిల్లు ఆ కాలపు గుర్తు.

ఉప్పు ఒక్కటే అయితే కథ చిన్నదే. పక్కనున్న తేలినీలాపురానికి ఏటా వానాకాలం చివర్లో పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్‌లు వస్తాయి. ఊరివాళ్లు వాటిని సైబీరియా పక్షులంటారు. చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, వేసవి మొదట్లో వెళ్లిపోతాయి. చూడటానికి వచ్చినవాళ్లు కారును ఆ చెట్ల కిందే ఆపుతారు. పక్షి రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది, కాని రంగును చెడగొట్టేది అదొక్కటే కాదు. ఎండకు రంగు వేడెక్కి మెత్తబడి వ్యాకోచిస్తుంది. పైన రెట్ట ఎండి గట్టిపడుతుంది. రాత్రికి చల్లబడి కుంచించుకునేటప్పుడు రంగు ఆ గరుకు అచ్చునే పట్టుకుంటుంది. తర్వాత ఎంత కడిగినా మచ్చ మసకగా మిగులుతుంది. ఎండిన రెట్టను గోకకూడదు. తడిగుడ్డ పరిచి పది నిమిషాలు నానబెడితే అదే ఊడివస్తుంది.

మామిడి చెట్టు నీడ కూడా నమ్మదగింది కాదు. పూత మీదున్నప్పుడు తేనెమంచు పురుగులు కార్చే జిగురు కిందున్న అద్దాల మీదా, రేకు మీదా చుక్కలు చుక్కలుగా పడుతుంది. దాని మీద దుమ్ము, ఆపైన నల్లటి బూజు. జీడిమామిడి కింద ఇంకో బాధ. జీడిపిక్క పెంకులోని నూనె చేతిని బొబ్బలెక్కించేంత ఘాటు, జీడిపండు రసం మరక గుడ్డకే పోదు. పలాస, కాశీబుగ్గ వైపు పిక్కలు కాల్చే బట్టీల పక్క ఒక పూట ఆగితే పొగ జిడ్డు కూడా తోడవుతుంది. టెక్కలి గ్రానైటు లారీల వెనక పడితే రాతిపొడి.

రైలు వల్ల వచ్చే మురికి మాత్రం చాలామందికి తెలియదు. నౌపడ జంక్షన్ హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీద ఉంది. గుణుపురం వెళ్లే లైను ఇక్కడే చీలుతుంది. 1900లో పర్లాకిమిడి రాజావారు మొదలుపెట్టిన చిన్న లైను అది. 2004లో ఆపి, పెద్ద లైనుగా మార్చి, 2011లో గుణుపురం దాకా మళ్లీ నడిపారు. బ్రేకులు పడ్డప్పుడల్లా చక్రాలనుంచి, పట్టాలనుంచి సన్నటి ఇనుప రజను లేస్తుంది. స్టేషను దగ్గర రోజూ నిలబడే కారు మీద అది వేడివేడిగా పడి రంగులోకి దిగుతుంది. ఉప్పుగాలి తగిలేసరికి ఒక్కో రేణువూ ఒక్కో గోధుమరంగు చుక్క అవుతుంది. అరచేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి కడిగిన రేకు మీద రాస్తే, ఒట్టి చేతికి తెలియని ఆ గరుకు ఇట్టే తెలుస్తుంది.

కడగడానికి మంచి వేళ తెల్లవారుజాము, రేకు చల్లగా ఉండగానే. ఎండలో కడిగితే నీటిచుక్కలు ఆరి, అందులోని లవణాలు తెల్లటి వలయాలుగా మిగిలిపోతాయి. ఏ నీళ్లన్నది ఈ ఊళ్లో చిన్న ప్రశ్న కాదు. చాలా బావుల్లో, బోర్లలో ఉప్పదనం ఉంది. ఉప్పు వదిలించడానికి ఉప్పునీళ్లే పోస్తే చేసిన పనికి అర్థం లేదు. పక్కనున్న ఉద్దానం కిడ్నీ జబ్బుతో ఏళ్లుగా కుములుతోంది. హిరమండలం రిజర్వాయరునుంచి అక్కడికి పైపుల్లో మంచినీళ్లు తెచ్చే పథకం 2023 డిసెంబరులో గాని మొదలుకాలేదు. అలాంటి చోట పైపు వదిలి వంద లీటర్లు కారు మీద పారించడం ఈ కారుకే సిగ్గు. నాలుగు బకెట్లు చాలు. మొదటి తడుపుకు, చక్రాలకు చెరువు నీళ్లు. సబ్బుకు ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి ఇంకోటి. చివరి తడుపుకు మాత్రం మంచినీళ్లు.

వరస తప్పకూడదు. ముందు చక్రాల గూళ్లు, అడుగుభాగం. బురదను నానబెట్టి, చేయి లోపలికి పెట్టి మడత వెంట తడుముతూ తీయాలి. అక్కడినుంచి రాలే ఇసుక చూస్తే భావనపాడు తీరానికి ఎన్నిసార్లు వెళ్లారో చెప్పొచ్చు. తలుపుల అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న బెజ్జాలుంటాయి. వాటిలో మట్టి అడ్డుపడితే వాననీరు తలుపులోనే నిలుస్తుంది. కొబ్బరీనె పెట్టి తిప్పితే మట్టి ముద్దగా రాలుతుంది, వెనకే గోధుమరంగు నీళ్లు ధారగా కారతాయి. ఈ కారు ఆయుష్షు పెంచిన పరికరం ఏదంటే ఆ కొబ్బరీనే. మైనం డబ్బా కాదు.

తర్వాత పైకప్పునుంచి కిందికి. ముందు నీళ్లు పోసి దుమ్ము దించాకే గుడ్డ తాకాలి. బట్టల పొడి, గిన్నెల సబ్బు వద్దు. అవి జిడ్డుతో పాటు పాత మైనాన్నీ ఊడ్చేస్తాయి. కారు షాంపూ ఒక మూతెడు చాలు. పాత లుంగీ గుడ్డ మెత్తగానే ఉంటుంది గాని, దాని నేత పట్టుకున్న ఇసుకరేణువును వదలదు, ప్రతి రుద్దుకీ గీత పడుతుంది. మైక్రోఫైబర్ పోగుల మధ్య సందు ఉండటం వల్ల రేణువు లోపలికి పోతుంది. గుండ్రంగా కాకుండా నిలువుగా తుడిచి, ఒక్కో పలకకీ ఒకసారి గుడ్డను జాడించే బకెట్టులో ముంచి తీయాలి. చివరి నీళ్లు పోశాక ఆరనివ్వకుండా వెంటనే తుడిచేయాలి.

పాలిష్‌కు ముందు క్లే బార్. ముద్దలాంటి ఆ మట్టిని సబ్బునీళ్ల మీద జారిస్తే రైలు రజను, తారుచుక్కల అడుగు అందులోకి వచ్చేస్తాయి. హైవే 16 మీద అంటిన పెద్ద తారుమచ్చలకు ముందే కిరోసిన్‌తో తడిపిన గుడ్డ అద్ది, వెంటనే సబ్బుతో కడగడం ఇక్కడి పద్ధతి, అది పనికొచ్చేదే. క్లే ముద్ద కింద పడితే మళ్లీ వాడకూడదు.

పాలిష్ అంటే పూత కాదు, అరగదీత. అందులో ఉండే సన్నటి అల్యూమినా రేణువులు వెలిసిన పొరను అరగదీసి కిందున్న బాగున్న రంగును బయటపెడతాయి. ఉన్నదే మిల్లీమీటరులో పదో వంతు కనుక ఏటా ఇది తగదు. రెండు మూడేళ్లకోసారి చాలు. పెయింటు షెడ్లలో దొరికే రబ్బింగ్ కాంపౌండ్ ఇంకా గరుకు. అంచుల మీద, మడతల మీద రంగు పల్చగా ఉంటుంది, అక్కడ నాలుగు రుద్దులు ఎక్కువైతే ప్రైమరు బయటపడుతుంది. అంచులకు టేపు అంటించడం అందుకే. జానెడు చోటుకు చిక్కుడు గింజంత పాలిష్ తీసుకుని, తేలిగ్గా నొక్కుతూ రుద్దాలి. పైకప్పు గులాబీనుంచి మళ్లీ ఎరుపయ్యేసరికి గుడ్డ పారాణి రంగుకు వస్తుంది. ఆ దృశ్యం చూసి ఎదురింటి మామ్మ, ‘ఏటి బాబూ, పెళ్లికొడుక్కి నలుగెట్టినట్టు పెడతన్నావు!’ అని నవ్విన మాట ఆ వీధిలో ఇప్పటికీ ఉంది.

వ్యాక్స్ అని డబ్బా మీద రాసి ఉండే మైనాల్లో పేరున్నది కార్నాబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు ఒక తాటిజాతి చెట్టు, తన ఆకుల్లో తడి ఆరిపోకుండా వాటి మీద పెంచుకునే పొర అది. 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వైశాఖపు ఎండలో బానెట్ వేడి కూడా దానికి మరీ దూరంలో ఉండదు కనుక ఇక్కడ కార్నాబా నెలా రెండు నెలలకు మించి నిలవదు. మెరుపు కాస్త తగ్గినా, సింథటిక్ సీలెంట్ నాలుగైదు నెలలు కాపాడుతుంది. ఈ ఊరికి అదే మేలు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాసేవాళ్లు ఉన్నారు. ఒక గంట మెరుపు, ఆ తర్వాత గాలిలోని దుమ్మంతా ఆ నూనెకే.

మైనాన్ని మందంగా పూస్తే లాభం లేదు, ఎక్కువైనదంతా తుడిచేయాల్సిందే. నీడలో పల్చగా పూసి, మసకబారేదాకా ఆగి, వేలితో గీస్తే చారికగా శుభ్రంగా వచ్చినప్పుడు తుడవాలి. సముద్రపు గాలి తడిగా ఉన్న రోజున ఆ మసక ఆలస్యంగా వస్తుంది. నల్లటి రబ్బరు పట్టీలకు మైనం తగిలితే తెల్లమచ్చ పడుతుంది. మైనం రంగు లేచిన చోటును పూడ్చదు కూడా. అక్కడ ముందుగా తుప్పు గీకి, ప్రైమరు, టచప్ రంగు చుక్క పెట్టాలి. అడుగున కొట్టే అండర్ కోటింగ్ కూడా అంతే: తుప్పు మీద కొడితే దాన్ని లోపల దాచిపెట్టినట్టే. ఉగాది నాటి పసుపు, కుంకుమ బొట్లు మైనం పూశాకే పెట్టాలి, మర్నాడు తడిగుడ్డతో పోతాయి.

పూత ఉందో లేదో నీళ్లే చెబుతాయి. చల్లిన నీళ్లు గుండ్రటి బిందువులై జారితే ఉన్నట్టు, పలకంతా పరుచుకుంటే పోయినట్టు. ఉగాదికి పూసిన సీలెంట్ శ్రావణానికి సన్నగిల్లుతుంది, దసరాకు మళ్లీ పూయాలి. అడుగు కడగడానికి మాత్రం పండుగ చూడనక్కర్లేదు. సముద్రం వైపు వెళ్లొచ్చిన ప్రతిసారీ చేయాలి. చక్రాలు తుడిచిన గుడ్డ మళ్లీ బానెట్ దగ్గరికి రాకూడదు. మైక్రోఫైబర్ గుడ్డలను ఇంటి బట్టలతో కలపకుండా, ఫాబ్రిక్ కండిషనర్ వేయకుండా విడిగా ఉతికి నీడన ఆరేయాలి. ఉప్పుగాలి తగిలే దండెం మీద కాదు, ఇంటి లోపల.