రెండు బిల్లులు, ఒకటే స్తంభం

మన చిన్న ఆఫీసుల దూరదృష్టికి దండం పెట్టాలి. ఒక కంపెనీ నెట్ పోతే పని ఆగిపోతుందని ఇంకో కంపెనీ నెట్ కూడా పెట్టించుకుంటాయి. రెండు డబ్బాలు, రెండు బిల్లులు. ఆ రెండు ఫైబర్లూ వీధి మొగలో ఒకే కరెంటు స్తంభాన్ని చుట్టుకుని, ఒకే కిటికీ కంతలోంచి లోపలికొస్తాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో కరెంటోళ్లు స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించారు. ఏ వైరు ఎవరిదని కత్తెర అడగలేదు!

స్తంభం సంగతి అలా ఉంచండి. ఒకటి పోయి రెండోది బతికే ఉందనుకుందాం. మారేదెలా? చాలాచోట్ల దానికున్న సాంకేతిక పరిజ్ఞానం పేరు ఆఫీస్ బాయ్. ఏ వైరు పీకి ఎక్కడ గుచ్చాలో అతనికొక్కడికే తెలుసు. అతను ఊరెళ్లాడంటే, అది నెలలో 20వ తేదీ అయ్యిందంటే, ఆ రోజే జీఎస్టీఆర్-3బీ రిటర్న్ వేయాల్సిన అకౌంటెంట్ సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని వరండాలో నిలబడతాడు.

దీనికి విసిగి కొందరు రెండు నెట్ లైన్లూ కలిపే డ్యూయల్ వాన్ రూటర్ కొంటారు. అదే మారుతుందట, అంతా ఆటోమేటిక్! సెట్టింగ్ సరిగా లేకపోతే మారదు. బయట ఫైబర్ తెగి ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి చేరే కంపెనీ డబ్బా) మీద ఎర్ర లైటు వెలుగుతున్నా, ఓఎన్‌టీ నుంచి రూటర్‌కొచ్చే వైరు మాత్రం భేషుగ్గా ఉంటుంది. రూటర్ ఆ వైరునే చూసి, కాపురం సవ్యంగానే ఉందనుకుంటుంది. 8.8.8.8 లాంటి బయటి చిరునామాని కొన్ని సెకన్లకోసారి పలకరించి చూడమని దానికి చెప్పాలి. ఆ సెట్టింగ్ పాస్‌వర్డ్ ఎప్పుడో ఉద్యోగం మానేసిన కుర్రాడి దగ్గరుంది. పైగా రెండు కంపెనీల డబ్బాలూ 192.168.1.1 అనే ఒకే చిరునామాతో వచ్చి ఉంటే, పాపం రూటర్ ఎటు పంపాలో తెలియక తికమకపడుతుంది.

ఇంకో మేధావి వర్గం ఉంది. వంద ఎంబీపీఎస్, ఇంకో వంద, మొత్తం రెండొందలని, పనిని రెండు లైన్లకీ పంచే లోడ్ బ్యాలెన్సింగ్ పెట్టేస్తారు. మామూలు డౌన్‌లోడ్ ఏదో ఒక లైన్లోనే పోతుంది, వంద వందే. ఈలోగా ఒకే లాగిన్ రెండు ఐపీ చిరునామాల నుంచి రావడం చూసి బ్యాంకు సైటు మిమ్మల్ని దొంగల్లో జమకట్టి బయటికి నెడుతుంది.

కరెంటు పోయినప్పటి వైభోగం వేరు. కంప్యూటర్లన్నింటికీ యూపీఎస్ ఉంటుంది, ఈ నెట్ డబ్బాలకే ఉండదు. ఆరిపోయిన రెండు కనెక్షన్ల ముందు వెలుగుతున్న స్క్రీన్లు!

అయ్యా, రెండో లైను నిజంగా కావాలంటే వేరే దారిన రప్పించండి. మొదటిది ఫైబరైతే రెండోది 5జీ సిమ్ పెట్టండి. టవర్‌కి కూడా ఫైబర్ వెళ్తుందేమో గానీ, మీ గుమ్మం ముందు స్తంభం మీంచి వెళ్లకపోవచ్చు. నెలకోసారి పట్టపగలు, పని జోరుగా సాగుతున్నప్పుడు, ఓఎన్‌టీకొచ్చే ఫైబర్ మీరే పీకి చూడండి. ఆ ధైర్యం లేదా? అయితే రెండో కనెక్షన్ రద్దు చేసి, ఆ డబ్బుతో డబ్బాలకి యూపీఎస్ కొనుక్కోండి.