ముందు ముసలి ఇంజన్‌నే విప్పండి

బొమ్మ రైళ్ళకి డిజిటల్ కంట్రోల్ పెట్టుకుందామనే వాళ్ళకి అందరూ చెప్పే మాట ఒకటే: సాకెట్ ఉన్న కొత్త ఇంజన్ కొని, ఎనిమిది పిన్నుల డీకోడర్ గుచ్చుకుని, చెయ్యి తిరిగాక పాతవాటి జోలికి వెళ్ళమని. నేను తలకిందులుగా చెయ్యమంటాను. మీ దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా పాతదీ, మీకు ప్రాణమైనదీ ఏ ఆవిరి ఇంజనో, మొట్టమొదట దాన్నే బల్లమీద పెట్టండి. సాకెట్లో గుచ్చినందువల్ల తెలిసేదేమీ లేదు. ఇష్టంలేని ఇంజన్ పాడైతే పోనీలే అనుకుంటాం. ఆ ‘పోనీలే’ చేతికి అలవాటైపోతుంది.

నాకు ప్రాణమైనది బ్రిటన్‌లో ట్రయాంగ్ వాళ్ళు చేసిన ప్రిన్సెస్ ఎలిజబెత్. అసలు ఇంజన్ 1933లో తయారైంది, ఇప్పటికీ భద్రంగా ఉంది. బొమ్మలో ఉండేది ఎక్స్04 మోటారు.

పాత పద్ధతిలో పట్టాల మీద వోల్టేజీ పెంచితే బండి వేగం పెరిగేది, ప్లస్ మైనస్‌లు తారుమారు చేస్తే వెనక్కి నడిచేది. డిజిటల్ కంట్రోల్‌లో, అంటే డీసీసీలో, వోల్టేజీ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, ఆదేశాలు దాంతోపాటే వస్తాయి. డీకోడర్ తన నంబరుకి వచ్చిన ఆదేశాన్ని మాత్రమే పట్టించుకుని మోటారుకి కరెంటు వదులుతుంది. కాబట్టి పట్టాలకీ మోటారుకీ మధ్య డీకోడర్ తప్ప వేరే దారి ఉండకూడదు. కష్టమంతా ఇక్కడే ఉంది.

ఎక్స్04లో జడపిన్నులా వంగిన ఒకే స్ప్రింగు రెండు బ్రష్‌లనీ అదిమి పట్టుకుంటుంది. దాని ఒక కాలికే ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. వట్టి కాలు తగిలిన బ్రష్ చాసీకి కలిసిపోతుంది, చాసీ ఒకవైపు పట్టాకి కలిసి ఉంటుంది. రెండో కాలికీ తొడుగు వెయ్యండి. సన్నటి వైరులోంచి రాగి లాగేస్తే మిగిలే గొట్టం చాలు. ఇది వెయ్యకుండానే నేనొక డీకోడర్ కలిపాను. కాలిన వాసన వచ్చేసరికే అంతా అయిపోయింది. తొడుగు వేశాక మల్టీమీటర్ ఒక కొన బ్రష్‌కి, రెండో కొన ఒక్కో చక్రానికి ఆనించి చూడండి. ఎక్కడా బజర్ మోగకూడదు. ఒక్కసారి మోగినా ఆ రోజు డీకోడర్ పొట్లం విప్పకండి.

మోటారు మార్చెయ్యమని సలహా ఇస్తారు. మార్చకండి. ఆ మోటారు చప్పుడు కోసమే కదా ఈ ఇంజన్! పన్నెండు వోల్టులిచ్చి, ఒక్క క్షణం చక్రాలు కదలకుండా పట్టుకుని ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూసుకోండి. అంతకన్నా ఎక్కువ మొయ్యగల డీకోడర్ కొనండి. టీవీకి అడ్డు రాకుండా అప్పట్లో పెట్టిన కెపాసిటర్ కనిపిస్తే తీసెయ్యండి. శబ్దాల డీకోడర్ ఇప్పుడొద్దు, స్పీకర్ చోటు కోసం బరువు దిమ్మ కోసేసి ఇంజన్ పట్టు పోగొట్టుకుంటారు.

డీసీసీకి మూలమైన జర్మనీ లెంజ్ కంపెనీ పద్ధతిని అమెరికాలోని బొమ్మ రైళ్ళ సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ 1990లలో ప్రమాణంగా తీసుకుంది. వైర్ల రంగులకీ ఒక ప్రమాణం ఉంది: ఎరుపు కుడి పట్టాకి, నలుపు ఎడమ పట్టాకి, నారింజ, బూడిద రంగులు మోటారుకి. డీకోడర్‌ని వెనకున్న బొగ్గు టెండర్‌లో పెడితే చల్లగా ఉంటుంది, ఈ నాలుగు వైర్లే ముందుకి రావాలి. కొంచెం వదులుగా వదలండి. బిగిస్తే మలుపులో టెండర్ పట్టా దిగుతుంది.

పైడొప్ప బిగించకుండానే ప్రోగ్రామింగ్ పట్టా మీద పెట్టండి. అక్కడ కరెంటు తక్కువ, పొరపాటున్నా డీకోడర్ బతికే అవకాశం ఎక్కువ. కొత్త డీకోడర్ నంబరు 3గా వస్తుంది. మార్చకపోతే, రేపు ఇంకో కొత్త ఇంజన్ పెట్టినప్పుడు రెండూ కలిసి కదులుతాయి. ఇంజన్ పక్కన రాసున్న 46201 ఇద్దామంటే కుదరదు, డీకోడర్‌కి అంత పెద్ద నంబరు పట్టదు. 6201 ఇవ్వండి. 1948లో బ్రిటన్ రైల్వేలు ప్రభుత్వపరమయ్యాక ముందు ఆ 4 వచ్చి చేరింది. పుట్టినప్పుడు దాని నంబరు 6201.