పసికందుల త్రాసు ఆత్మకథ

బియ్యమును తూచు త్రాసులకును బంగారమును తూచు త్రాసులకును లోకమున కావలసినంత కీర్తి కలదు. నేను తూచునది మనుష్యులను. అందును నెలలు నిండకమునుపే లోకమునకు వచ్చి, అరచేతిలో ఇమిడిపోవు మనుష్యులను. నన్నుగూర్చి ఎవ్వరును ఒక్క సామెతయైనను కట్టకపోవుటకు కారణము, నా యెదుట నిలుచువారికి సామెతలు తోచునంత తీరిక లేకపోవుటయే యని సమాధానపడుచున్నాను.

సభాన్ పారిశ్రామికవాడలోని యొక గోదాములో, అట్టపెట్టెలో కొన్నాళ్ళు పడియుండి, పిదప ఈ ముబారక్ అల్ కబీర్ మండలములోనే యొక ఆసుపత్రి శిశువార్డునకు చేరితిని. 1896 మొదలు 1915 వఱకు కువైటు నేలిన షేకు పేరిట, 1999లో హవల్లీనుండి వేఱుపఱచి యేర్పఱచిన మండలమిది. ఆయన పేరుగల పెద్దాసుపత్రి మాత్రము జాబ్రియాలో, హవల్లీవైపే యుండిపోయినది. నేనున్నది అది కాదు. ఇంతకుమించి నా చిరునామా చెప్పను, ఏలయనగా ముందు చెప్పుకొనవలసిన తప్పొకటి కలదు.

రాయచోటినుండి వచ్చిన నర్సమ్మ యొకతె, వెచ్చజేసిన గుడ్డను నాపై పఱచి, సున్న మీట నొక్కి, ఆ గుడ్డ బరువును నాచే మఱపించును. పిమ్మట తీగలను, ముక్కులోని పాలగొట్టమును ఒకచేత పైకెత్తిపట్టి, రెండవచేత బిడ్డను దింపును. బిడ్డ కాలు విదిలించిన 1,236 అగును, వెన్ను విఱిచిన 1,244 అగును. నేను కొన్ని క్షణములు తడబడి, సరాసరి తీసి, 1,240 అని నిలుతును. ఆ తడబాటు ముగియువఱకు తల్లులు ఊపిరి తీయరు. ఒకనాటి రాత్రి తీగ యొకటి జాఱి నాపై పడియుండగా ఎవ్వరును చూడలేదు. నలుబది గ్రాములు పెరిగినట్లు చూపితిని. ఆ తల్లి ఇంటికి ఫోను చేసి మఱీ చెప్పుకొనెను. మఱునాడు ఆ నలుబదియు మాయమైనప్పుడు ఆమె ముఖమును నేనే చూడవలసివచ్చెను. నా యంకెలపై నాకుగల గర్వము నాటితో సగము పోయినది.

తక్కిన సగము వైద్యుల మాటలు వినుటచే పోయినది. కడుపులో పెరిగినట్లే బయటను పెరుగవలెనన్న, ఇట్టి శిశువు కిలోకు దినమునకు సుమారు 15 గ్రాములు కూడవలెను. అందులకు అదే లెక్కన మూడున్నర మొదలు నాలుగు గ్రాముల మాంసకృత్తులు కావలెను. తల్లిపాలలో నూఱు మిల్లీలీటర్లకు అవి గ్రాము పైచిలుకే గనుక, ఆ పాలలో బలవర్ధకమైన పొడి కలుపుదురు. అంత శ్రమ యేల, డబ్బాపాలే పట్టరాదా యనువారికి బ్రిటనులో లూకస్, కోల్ అను పరిశోధకులు నెలతక్కువ శిశువులను 926 మందిని పరిశీలించి, 1990లో ‘లాన్సెట్’ పత్రికలో సమాధానమిచ్చిరి: కేవలము డబ్బాపాలు త్రాగినవారిలో ప్రేగులు కుళ్ళు రోగము, కేవలము తల్లిపాలు త్రాగినవారిలోకంటె ఆఱు మొదలు పది రెట్లు అధికముగా కనబడెనట. డబ్బాపాలతో నా యంకె వడిగా పెరుగును, నేనును సంతోషించుచుంటిని. లోపల ప్రేగు ఏమగుచున్నదో త్రాసుకెట్లు తెలియును?

నేను చెప్పిన ఆ 1,240 గ్రాముల బిడ్డ రాజంపేటవారిది, 29వ వారమున పుట్టినది. మొదటినాడు తల్లి పిండిన ముఱ్ఱుపాలు సన్నని సిరింజి యడుగున పసుపుపచ్చని చారగా నిలిచెను. ఊరినుండి అత్తగారు ఫోనులో ఆ పాలు పారబోయుమనుచుండగా, నర్సమ్మ సిరింజిని దీపమువైపెత్తి చూచి, “పారబోసేదేంది చెల్లీ, బంగారు ఇది” అని, బిడ్డ బుగ్గలోపల రెండు చుక్కలు పూసెను. పిదప మూడు గంటలకొకమాఱు మూడేసి మిల్లీలీటర్లు, గొట్టముగుండ.

ఆ ప్రక్కమంచము కువైటీ తల్లికి పాలు పడలేదు. హైదరాబాదు నీలోఫరు ఆసుపత్రిలో 2017లో ‘ధాత్రి’ యను పాలబ్యాంకు వెలసినది. అట్టి బ్యాంకులలో దాతల పాలను 62.5 డిగ్రీల వేడిమిలో అరగంట యుంచి, పేరు తెలియని బిడ్డలకు పట్టుదురు. ఇచ్చట అది కుదరదు. ఇస్లాము ధర్మమున పరాయి తల్లి పాలు తగినంత త్రాగిన బిడ్డ ఆమెకు పాలబిడ్డ యగును. ఆమె సంతానముతో ఆ బిడ్డకు పెండ్లి నిషిద్ధము. కావున ఇరుకుటుంబములును ఒండొరుల నెఱిగియుండునట్లు పాలదానమును నడపిన తీరును అల్ నకీబ్ మొదలగు కువైటు వైద్యులు 2000లో ఒక వైద్యపత్రికలో వివరించిరి. ఆ దినమున పాలిచ్చు తల్లియు, పుచ్చుకొను తల్లియు నా ప్రక్కనే నిలిచి పేర్లు చెప్పుకొనిరి. మీట నొక్కగానే నేను సర్వమును మఱతును. వారు మనుమల పెండ్లివఱకు గుర్తుంచుకొందురు.

చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట యను మూడింటిని కలుపుకొనుట శిశువునకు సుమారు 34వ వారమునగాని చేతగాదు. రాజంపేట బిడ్డకు ఆ వారము వచ్చెను. ఱొమ్ము పట్టించుటకు ముందు అదే గుడ్డతో, అవే తీగలతో తూచిరి: 1,842. ఇరువది నిమిషముల పిమ్మట మరల తూచిరి: 1,850.

“ఎంతొచ్చిందక్కా?”

“ఎనిమిది.”

“ఎనిమిదేనా?”

“ఎనిమిది గ్రాములంటే ఎనిమిది ఎమ్మెల్ చెల్లీ. గొట్టంలో పోసింది కాదు, వాడంతట వాడు గుంజుకున్నాడు.”

తక్కిన పాలను గొట్టముగుండ పోసి, ఆ యెనిమిదిని పుస్తకములో వేఱుగా వ్రాసికొని, నర్సమ్మ మఱొక వెచ్చని గుడ్డను నాపై పఱచి సున్న మీట నొక్కెను.